రెక్కల కష్టం, గుండె లెక్క

మా ఊరి రైసుమిల్లులో పాతికేళ్ళు బస్తాలు మోసిన ముఠా మనిషి ఒకాయన, నిరుడు దాళ్వా (రెండో పంట) ధాన్యం దిగుతున్న రోజుల్లో లారీ పక్కనే కూలబడి అలాగే వెళ్ళిపోయాడు. వయసు యాభై రెండు. పొట్ట లేదు, ఒంట్లో చిటికెడు కొవ్వు లేదు, మెడ కండలు తాళ్ళు పేనినట్టుండేవి. దినం నాడు పందిట్లో కూర్చున్నవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న. “కూర్చుని తినేవాళ్ళకి రావలసిన జబ్బు ఇతనికెలా వచ్చింది?” ఎవరూ జవాబు చెప్పలేదు. నేనూ చెప్పలేకపోయాను. తర్వాత దాని వెంటపడి చదివితే తెలిసింది, గుండె మీద పరిశోధన చేసేవాళ్ళు కూడా డెబ్భై ఏళ్ళుగా ఈ ముడినే విప్పుతున్నారని.

ముందు మన నేల సంగతి. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో ఏడాదిపాటు జరిగిన మరణాలకు కారణమేమిటో ఇంటింటికీ వెళ్ళి అడిగి రాసుకున్నారు. ఆ ఊళ్ళ జనాభా మొత్తం 1,80,162. నమోదైన మరణాలు 1,354. వాటిలో 32 శాతం గుండెపోటు, పక్షవాతం వంటి గుండె, రక్తనాళాల జబ్బులవల్లే. అంటువ్యాధులూ పురుగుల జబ్బులూ కలిపి 12 శాతం. ఇవి విశాఖపట్నం, హైదరాబాదు లెక్కలు కావు. వరిచేలూ కొబ్బరితోటలూ ఉన్న పల్లెల లెక్కలు. మలేరియా, విరేచనాలే పల్లెల్లో మనుషుల్ని తీసుకుపోతాయని అనుకుంటున్న రోజుల్లోనే మన దగ్గర గుండె జబ్బు వాటిని దాటేసింది. పైగా దక్షిణాసియా వాళ్ళకు తొలి గుండెపోటు మిగతా ప్రపంచం కంటే ముందే వస్తోంది. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో మనవాళ్ళ మధ్యస్థ వయసు 53 ఏళ్ళు, మిగతా దేశాలవాళ్ళది సుమారు 59. ఇంటికి ఇంకా సంపాదించి పెట్టవలసిన వయసులోనే ముంచుకొస్తోందన్న మాట.

మరి శ్రమ గుండెకు మంచిదన్న మాట ఎక్కడ పుట్టింది?

1953లో లండన్‌లో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు రెండంతస్తుల బస్సుల్లో పనిచేసే డ్రైవర్లనూ కండక్టర్లనూ పోల్చి చూశాడు. ఒకే సంస్థ, ఒకే బస్సు. డ్రైవరు రోజంతా కూర్చునే ఉంటాడు. కండక్టరు టిక్కెట్లు కొడుతూ రోజుకు ఐదారు వందల మెట్లు ఎక్కి దిగుతాడు. గుండెపోట్లు కండక్టర్లలో తక్కువగా కనిపించాయి. వ్యాయామం గుండెను కాపాడుతుందన్న ఆధునిక వైద్యానికి ఇదే పునాది రాయి. అయితే మూడేళ్ళ తర్వాత మోరిసే ఇంకో సంగతి బయటపెట్టాడు. ఉద్యోగంలో చేరేటప్పుడు ఇచ్చిన యూనిఫారాల కొలతలు తీస్తే, డ్రైవర్ల నడుము మొదటి రోజునుంచే లావుగా ఉంది. అంటే ఏ పనిలోకి ఎలాంటి ఒళ్ళున్నవాడు వెళ్ళాడన్నది కూడా లెక్కలో కలిసిపోయింది. ఈ చిక్కును మనసులో పెట్టుకోవాలి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

అక్కడినుంచి 2021కి వద్దాం. డెన్మార్క్‌లోని కోపెన్‌హాగన్ ప్రాంతంలో లక్షా నాలుగు వేల మందిని సుమారు పదేళ్ళపాటు గమనించి వేసిన లెక్క ఆ ఏడాది బయటికొచ్చింది. వాళ్ళు ఒక పని చేశారు. తీరిక వేళ చేసే శ్రమనూ కూలి కోసం చేసే శ్రమనూ విడదీశారు. తీరిక వేళ బాగా ఒళ్ళు వంచేవాళ్ళలో గుండెపోటు, పక్షవాతం వంటి పెద్ద ఆపదలు 15 శాతం, మొత్తం మరణాలు 40 శాతం తక్కువ. కొలువులో అతి బరువైన పని చేసేవాళ్ళలో అవే ఆపదలు 35 శాతం, మరణాలు 27 శాతం ఎక్కువ. పొగతాగడం, చదువు, ఆదాయం వంటివన్నీ లెక్కలోంచి తీసేశాక కూడా తేడా నిలబడింది. అదే గుండె, అవే కాళ్ళు, అదే చెమట. పార్కులో పరిగెత్తితే మందు, గోదాములో మోస్తే విషం. దీన్నే శాస్త్రవేత్తలు శారీరక శ్రమలోని వైరుధ్యం అంటున్నారు.

వైరుధ్యమని పేరుపెట్టి వదిలేస్తే లాభం లేదు. లోపల ఏం జరుగుతుందో చూడాలి. అందుకు మిల్లు దగ్గరికే వెళదాం.

లారీ తొట్టి మీద ఇద్దరుంటారు, కింద ఒకడు వెనక్కి తిరిగి వంగి నిలబడతాడు. పైవాళ్ళిద్దరూ బస్తాను జార్చి అతని మెడకీ భుజాలకీ మధ్య దింపుతారు. మన దగ్గర ధాన్యం బస్తా అంటే 75 కిలోలు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే మగవాడు ఒక్కడూ మోసే బరువు 55 కిలోలు దాటకూడదని సిఫారసు చేసింది. బస్తా మెడ మీద పడే క్షణాన ఆ మనిషి మొహం చూడండి. ఊపిరి బిగబట్టేస్తాడు. పెదాలు బిగుసుకుంటాయి, కణత మీద నరం లేస్తుంది, కళ్ళు కాస్త ఎర్రబడతాయి. ఆ బిగింపు లేకపోతే నడుం నిలవదు, కాబట్టి ఒళ్ళు తనంతట తానే ఆ పని చేస్తుంది. కానీ ఆ రెండు మూడు క్షణాల్లో ఛాతీలో ఒత్తిడి పెరుగుతుంది, బిగుసుకున్న కండలు తమలోని రక్తనాళాలను తామే నొక్కేస్తాయి, రక్తపోటు ఒక్కసారిగా పైకి లేస్తుంది. చాలా పెద్ద బరువులెత్తే వస్తాదులకు ధమనిలోనే సూది పెట్టి కొలిస్తే పై అంకె 300 దాటడం ప్రయోగశాలలో చూశారు. మన మనిషికి అంత కాకపోవచ్చు. కానీ వస్తాదు ఎత్తేది పది పన్నెండు సార్లు. ఇతను రోజంతా ఎత్తుతూనే ఉంటాడు, ఎత్తిన ప్రతిసారీ ధమనుల గోడల మీద ఒక పోటు పడుతూనే ఉంటుంది.

నడక, పరుగు, ఈత, సైకిలు తొక్కడం ఇలా కాదు. వాటిలో కండ బిగుసుకుని వదులుతూ ఉంటుంది. వదిలినప్పుడల్లా రక్తనాళాలు విచ్చుకుంటాయి. గుండె ఎక్కువ రక్తం పంపుతుంది గానీ ఎదురు ఒత్తిడి పెద్దగా ఉండదు. కాలవకు నీళ్ళు వదిలి కింది తూములన్నీ తెరిచినట్టుంటుంది. బరువు ఎత్తి పట్టుకోవడం, నాట్లలో గంటల తరబడి నడుం వంచి ఉండడం, తలమీద ఇటుకలతో నిలబడడం – ఇవన్నీ తూములు మూసి నీళ్ళు వదలడం లాంటివి. గట్టు మీద పడే ఒత్తిడి ఎంతో డెల్టా రైతుకు నేను చెప్పక్కర్లేదు.

రెండో సంగతి సమయం. వ్యాయామం చేసేవాడు అరగంటో ముప్పావుగంటో గుండెను పరిగెత్తించి ఆపేస్తాడు. మిగతా ఇరవైమూడు గంటలూ గుండె ఆ దెబ్బనుంచి తేరుకుని మునుపటికంటే బలపడుతుంది. ఒక్కో కొట్టుడికి ఎక్కువ రక్తం పంపడం నేర్చుకుంటుంది కాబట్టి, తీరికగా ఉన్నప్పుడు నిమిషానికి తక్కువసార్లు కొట్టుకుంటుంది. కూలిపనిలో ఇది తిరగబడుతుంది. పనిలో చాలాభాగం గుండెను బలపరిచేంత ఉద్ధృతంగా ఉండదు, అలాగని వదిలిపెట్టేంత తేలికగానూ ఉండదు. నాడి ఎనిమిది పది గంటలు పైనే ఉంటుంది. అలిసిపోయిన ఒళ్ళు రాత్రి కూడా పూర్తిగా దిగదు. రోజు మొత్తం సగటున నిమిషానికి పదిహేనుసార్లు ఎక్కువ కొట్టుకున్నా, ఇరవైనాలుగు గంటలకు 21,600 కొట్టుళ్ళు అదనం. వాటికి కూలి ఎవరూ కట్టరు.

పనిశాస్త్రం చదివినవాళ్ళు చెప్పే కొలత ఒకటుంది. రోజుకు ఎనిమిది గంటలు, ఏళ్ళ తరబడి చేయవలసిన పనిలో మనిషి తన గరిష్ఠ సామర్థ్యంలో సుమారు మూడోవంతుకు మించి వాడకూడదు. ఆ గరిష్ఠ సామర్థ్యం ముప్పై దాటాక పదేళ్ళకు పది శాతం చొప్పున తరుగుతుంది. బస్తా మాత్రం తరగదు. పాతికేళ్ళ కుర్రాడి ఒంట్లో మూడోవంతు అడిగిన బస్తాయే యాభై ఏళ్ళ మనిషి దగ్గర ఐదింట రెండు వంతులు దాటి అడుగుతుంది. కూలి ఇద్దరికీ ఒకటే, బరువు ఇద్దరికీ ఒకటే. చెల్లించేది మాత్రం ఒకటి కాదు. ఆ పందిట్లో అడిగిన ప్రశ్నకు నాకు దొరికిన మొదటి జవాబు ఇది.

కొబ్బరి దింపు కార్మికుణ్ణి తీసుకోండి. కోనసీమలో పొద్దున్నే కాళ్ళకు బంధం వేసుకుని యాభై అరవై అడుగుల చెట్టెక్కుతాడు. ఒక తోటలో, ఆయన ఒప్పుకుంటేనే, చెట్టు దిగిన వెంటనే నాడి పట్టి చూశాను. నిమిషానికి 150 దాకా కొట్టుకుంటోంది. గెలలు పోగేస్తూ ఇంకో చెట్టుదాకా నడిచేసరికి వంద దగ్గరికి దిగింది. ఎక్కడం, దిగడం, కాస్త నడవడం, మళ్ళీ ఎక్కడం. గుండె లెక్కలో ఇది మంచి పనే. పడిపోయే ప్రమాదం వేరే, నడుమూ మోకాళ్ళూ అరిగేది వేరే. అయితే నలభై చెట్లకు ఒప్పుకున్న రోజున వర్షం పట్టేలా ఉందని రైతు తొందరపెడితే, ఆ నడిచే రెండు నిమిషాలే ముందు పోతాయి. చేసే పని మారలేదు. మధ్యలోని జాగా పోయింది, అంతే. ఆ జాగాలోనే ఆరోగ్యమంతా ఉంది.

జాగా గురించే ఇంకో మాట. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక ఈ డెల్టాకు కరువు తప్పింది, అది ఎంత గొప్ప సంగతో చెప్పనక్కర్లేదు. దాంతోపాటే పనిలేని నెలలు కూడా క్రమంగా పోయాయి. సార్వా (తొలి పంట), దాళ్వా, మధ్యలో చేపల పట్టుబడులు, కొబ్బరి దింపులు, ఇటుక బట్టీలు. మెట్ట ఊళ్ళో కూలికి వేసవిలో పని ఉండదు, తిండికి ఇబ్బంది పడతాడు గానీ ఒంటికి విరామం దొరుకుతుంది. మన దగ్గర పని దొరుకుతుంది, విరామం దొరకదు.

పైన ఎండ. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. మన దగ్గర ఎండకంటే ఉక్క ఎక్కువ చంపుతుంది. చెమట పట్టడంవల్ల ఒళ్ళు చల్లబడదు, చెమట ఆరడంవల్ల చల్లబడుతుంది. రాయలసీమ పొడిగాలిలో ఆరుతుంది. సముద్రం, కాలవలు, చెరువులు, తడి చేలు చుట్టూ ఉన్న చోట గాలి ముందే తడిసి ఉంటుంది. చెమట ధారగా కారిపోతుంది గానీ ఆరదు. ఒళ్ళు చల్లబడకపోతే గుండె ఇంకా ఎక్కువ రక్తాన్ని చర్మానికి పంపాలి. పనిచేసే కండలకూ పంపాలి. కారిన చెమటతో నాళాల్లో రక్తం తగ్గుతుంది, ఉన్నది కాస్త చిక్కబడుతుంది. తక్కువ నీళ్ళతో రెండు చేలు తడపమన్నట్టు. గుండె చేయగలిగింది ఒక్కటే, ఇంకా వేగంగా కొట్టుకోవడం. అప్పటికే నాళం సగం పూడి ఉన్నవాడికి ఆ వేగమే ఆపద తెస్తుంది.

ఇక మనసు మోసే బరువు. దీన్ని జనం “టెన్షను” అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. లోపల రెండు మూడు వేర్వేరు సంగతులున్నాయి. 1979లో రాబర్ట్ కరాసెక్ అనే పరిశోధకుడు చెప్పింది ఇది: పని ఎక్కువైతే చాలదు, ఆ పనిని ఎప్పుడు ఎలా చేయాలన్నది తన చేతిలో లేనప్పుడే అది మనిషిని తినేస్తుంది. 2012లో యూరప్‌లోని 13 అధ్యయనాలను కలిపి, సుమారు రెండు లక్షల మందిని చూస్తే, అలాంటి కొలువుల్లో ఉన్నవాళ్ళకు గుండెజబ్బు ముప్పు 23 శాతం ఎక్కువ తేలింది. పొగ తెచ్చే ముప్పు కంటే ఇది తక్కువే. కానీ రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు. జోహానెస్ సీగ్రిస్ట్ అనే జర్మన్ పండితుడు ఇంకోవైపు నుంచి చూశాడు. పెట్టిన కష్టానికీ వచ్చిన ఫలితానికీ పొంతన లేకపోవడమే గుండెకు దెబ్బ అన్నాడు. ఇది చదవగానే నాకు మన కౌలురైతు గుర్తొచ్చాడు. పంట పండినా తుపానులో పనలు తడిసినా ఎకరాకి ఇన్ని బస్తాలని ముందే ఒప్పుకున్న మక్తా ఇచ్చితీరాలి. 2011లో కోనసీమ రైతులు సాగు గిట్టడం లేదని పంట విరామం ప్రకటించారు. దాన్ని మనం వ్యవసాయ సమస్యగానే చదివాం. గుండె డాక్టరు కూడా చదవవలసిన వార్త అది.

రొయ్యల చెరువు దగ్గర కాపలా ఉండే మనిషిని చూస్తే ఈ ఒత్తిడి ఒంట్లో ఎలా పనిచేస్తుందో ఇంకా తేటగా తెలుస్తుంది. రాత్రంతా నాచు ప్రాణవాయువును వాడేస్తుంది కాబట్టి చెరువు నీటిలో ఆక్సిజన్ తెల్లవారుజామున అన్నిటికంటే కిందికి పడిపోతుంది. ఆ వేళ కరెంటు పోతే నీటికి గాలి పట్టించే ఫ్యాన్లు (ఏరియేటర్లు) ఆగిపోతాయి. నిద్రలోంచి లేచి చీకట్లో గట్టు మీద పరిగెత్తి జనరేటరు వేయాలి. ఆలస్యమైతే లక్షల రూపాయల సరుకు తేలిపోతుంది. ఇక్కడ బరువు మోయడం లేదు, కానీ అతను నిద్రపోయేది ఫ్యాన్ల చప్పుడు వింటూనే. చప్పుడు ఆగితే మెలకువ రావాలి కదా. మామూలు మనిషికి రాత్రి నిద్రలో రక్తపోటు పది నుంచి ఇరవై శాతం తగ్గుతుంది. ధమనులకు రోజులో దొరికే విశ్రాంతి అదొక్కటే. అతనికి అదీ దొరకదు. పైగా తెల్లవారుజాము ఎవరికైనా రక్తపోటు పెరిగే వేళ, గుండెపోట్లు ఎక్కువగా వచ్చే వేళ. సరిగ్గా అప్పుడే ఆ పరుగు. రాత్రి డ్యూటీలతో సహా షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళలో గుండెపోట్లు 23 శాతం ఎక్కువని 2012లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష చెప్పింది. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్ళకు, 35-40 గంటలవాళ్ళతో పోలిస్తే, పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో లెక్కగట్టాయి. కాపలా మనిషికి వారానికి ఎన్ని గంటలని అడిగితే ఆయనకు ప్రశ్నే అర్థం కాదు. చెరువు దగ్గరే ఉంటాడు.

మోరిస్ యూనిఫారాల దగ్గరికి వెనక్కి వెళదాం. బరువు పనిలోకి పోయేది పేదవాడు. అతనికి పొగ ఉంది, సారా ఉంది, చిన్నప్పటి కొరత తిండి ఉంది. నష్టం పనిదా, పేదరికానిదా? 2021లోనే నార్వేనుంచి నాలుగు లక్షల ముప్పై ఏడు వేల మంది లెక్క వచ్చింది. అందులో బరువు పనులు చేసిన మగవాళ్ళు, మిగతా తేడాలన్నీ సరిచేశాక, కూర్చుని పనిచేసినవాళ్ళకంటే కాస్త ఎక్కువకాలమే బతికారు. డెన్మార్క్ ఒక మాట, నార్వే ఒక మాట. పైగా జబ్బుపడ్డవాడు బరువు పని మానేసి వెళ్ళిపోతాడు కాబట్టి, మిల్లులో కనిపించేవాళ్ళంతా ఎప్పుడూ గట్టివాళ్ళే అయి ఉంటారు. “మా ముఠాలో ఎవరికీ ఏ జబ్బూ లేదు” అని మేస్త్రీ అంటే అది అబద్ధం కాదు. జబ్బున్నవాడు ఇంట్లో పడుకుని ఉన్నాడు.

ఇంకో సాక్ష్యం బొలీవియా అడవుల్లోంచి ఉంది. అక్కడి త్సిమానే తెగవాళ్ళు వేట, చేపలు, పోడు మీద బతుకుతారు, మగవాళ్ళు రోజుకు ఆరేడు గంటలు ఒళ్ళు వంచుతారు. 2017లో 705 మందికి స్కాన్ తీస్తే 85 శాతం మంది గుండె ధమనుల్లో సున్నం పేరుకున్న జాడే లేదు. వాళ్ళ తిండి వేరు, పొగ తక్కువ. అయినా ఒకటి గమనించాలి. అలసిపోతే వాళ్ళు కూర్చుంటారు, ఎవరినీ అడగనక్కర్లేదు. ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచింది ఇది. శ్రమ శత్రువు కాదు. ఆగే హక్కు లేని శ్రమతోనే పేచీ. నార్వే కార్మికుడికి పనిగంటలకు హద్దుంది, జబ్బు చేస్తే జీతంతో సెలవుంది. మన ముఠాకు బస్తా లెక్కన కూలి. కూర్చున్న ప్రతి నిమిషమూ అతని జేబులోంచే పోతుంది. అలాంటప్పుడు “మధ్యమధ్య విశ్రాంతి తీసుకోండి” అని సలహా ఇచ్చి చేతులు దులుపుకోవడం న్యాయం కాదు.

ఈ కష్టంమీద తెలియక వేసుకునే ఇంకో బరువుంది, నొప్పి బిళ్ళ. సాయంత్రం మెడికల్ షాపులో “ఒళ్ళు నొప్పులకి రెండు బిళ్ళలియ్యి” అంటే ఇచ్చేదాంట్లో చాలాసార్లు డైక్లోఫెనాక్ ఉంటుంది. ఎక్కువ మోతాదులో, రోజూ వాడితే ఇది గుండెపోటు వంటి ఆపదలను సుమారు మూడోవంతు పెంచుతుందని 2013లో వందల ప్రయోగాలు కలిపి చూసి తేల్చారు. ఇది రక్తపోటును పెంచుతుంది, ఒంట్లో నీళ్ళు తగ్గిన వేళ మూత్రపిండాలనూ దెబ్బతీస్తుంది. ఎండలో చెమటోడ్చి ఇంటికొచ్చి ఇది వేసుకునే అలవాటు ఏళ్ళ తరబడి సాగుతోంది. ఎప్పుడో ఒకసారి వేసుకుంటే భయం లేదు. రోజూ వేసుకోవలసి వస్తోందంటే డాక్టరుకు చూపించుకోవాలి.

అసలు మోసం “గ్యాసు”. చనిపోయినాయన భార్య తర్వాత చెప్పింది. చివరి రెండు నెలలూ మిల్లునుంచి ఇంటికొస్తూ లాకుల దగ్గర సైకిలు దిగి నిలబడేవాడట. వంతెన ఎక్కేటప్పుడు రొమ్ము మధ్యలో బిగబట్టినట్టుండేదట, కాసేపాగితే తగ్గేదట. గ్యాసనుకుని కిళ్ళీకొట్టులో సోడా తాగేవాడు. శ్రమకు రావడం, ఆగితే పోవడం – నాళం సన్నబడిందని గుండె చెప్పే మాట ఇదే. గ్యాసు అన్నం తిన్నాక పడుకున్నా వస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడే రోజూ వచ్చి, నిలబడగానే పోయేది గ్యాసు కాదు. ఎడమ చేతికో దవడకో వీపుకో నొప్పి పాకడం, చల్లని చెమటలు, వాంతి వచ్చేలా ఉండడం, ఇదివరకు లేని ఆయాసం – వీటిలో ఏది వచ్చి కొద్ది నిమిషాల్లో తగ్గకపోయినా 108కి ఫోన్ చేయాలి. మోటారుసైకిలు మీద మధ్యలో కూర్చోబెట్టుకుని ఊరి ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్ళి సెలైను పెట్టించడంలో పోయే గంటే ప్రాణం నిలబెట్టగలిగిన గంట. గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఎంత తొందరగా పడితే గుండె కండ అంత దక్కుతుంది.

మిల్లుల్లో మారగలిగినవి చిన్నవేం కావు, అలాగని కొండలూ కావు. బస్తా 50 కిలోలకు దిగితే ఎక్కువసార్లు మోయాలి, నిజమే. కానీ ప్రతిసారీ ఊపిరి బిగబట్టే ఆ పోటు తగ్గుతుంది. నలభై ఐదు దాటినవాళ్ళను మోత నుంచి కుట్టుకీ తూకానికీ మార్చి అదే కూలి ఇచ్చే ముఠాలున్నాయి, అది ముఠా తనలో తాను చేసుకున్న ఏర్పాటు. ఎండ నెలల్లో పని తెల్లవారుజామునుంచి పదింటిదాకా, మళ్ళీ నాలుగు తర్వాత పెట్టుకోవడం ఖర్చులేని పని. ఉప్పు వేసిన మజ్జిగ మంచిదే. రక్తపోటున్నవాడు మాత్రం ఎంత ఉప్పో డాక్టర్ని అడగాలి, ఆవకాయా ఎండుచేపా ఇచ్చే ఉప్పు ఇప్పటికే ఉంది. బీపీ బిళ్ళ మొదలుపెట్టినవాడు “బాగానే ఉందిగా” అని మానేయడం అన్నిటికంటే ప్రమాదం. బాగుండడానికి కారణం ఆ బిళ్ళే.

ఈసారి సార్వా ధాన్యం రాకముందు మా మిల్లు షెడ్డులోకి ఏఎన్‌ఎం బీపీ మిషను తెచ్చుకుంది. ముఠా అంతా ఖాళీ గోనెల మీద వరసగా కూర్చున్నారు. అందరికంటే పెద్దాయన ముందుకొచ్చి చెయ్యి చాపాడు. పట్టీ చుట్టి గాలి కొట్టడం మొదలుపెట్టగానే పెదాలు బిగించాడు, కణత మీద నరం లేచింది. ఆమె ఆపేసి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. “ఊపిరి వదులు బాబాయ్, ఇది బస్తా కాదు.”